లయలో లోకవార్త

బుర్రకథ చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. కథ మంచి పట్టులో నున్నది. కథకుడు అందెలు మ్రోగించుచు ముందడుగు వేసినాడు. డక్కీలు చెలరేగినవి. వినువారి కాలు తెలియకుండనే తాళము వేయుచున్నది. అంతలో కుడివైపు వంతగాడు కథ నాపి, ధాన్యపు ధరను గూర్చియో, పన్నులను గూర్చియో ఒక ప్రశ్న వేయును. ఎడమవైపు వంతగాడు దానికొక ఛలోక్తి విసరును. సభ పకపక నవ్వును. నవ్వు ముగిసిన తరువాత కూడ ఆ ప్రశ్న మనస్సులో మిగిలిపోవును.

కుడివైపువానిది రాజకీయము, ఎడమవైపువానిది హాస్యము. అనగా లోకవిషయమును ప్రస్తావించుటకు ఈ కళ ఒక మనిషినే ప్రత్యేకించి నియమించినది. అది పాటకు పైనుండి తగిలించిన ఉపదేశము కాదు. ప్రదర్శనలో దానికొక స్థానము, ఒక గొంతుక కలవు.

జంగము కథల నుండి వచ్చిన ఈ కళారూపమును 1940 దశాబ్దిలో ప్రజానాట్యమండలి చేపట్టినది. ఆ మండలికి ప్రాణము పోసినవారిలో రాజమహేంద్రవరమునకు చెందిన డాక్టరు గరికపాటి రాజారావు ఒకరు. ఆ రోజులలోనే గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు పెద్ద గొంతుకయైనాడు. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము చెప్పిన నోటితోనే ఆయన మన్యపు వీరుడు అల్లూరి సీతారామరాజు కథ చెప్పెను. 1943 నాటి బెంగాలు కరువును కథగా కట్టెను.

ఈ కరువు కథను గోదావరి సీమవారు ప్రత్యేకముగ తలచుకొనవలెను. వంగదేశము కూడ మన డెల్టావలెనే నదులు, వరిచేలు గల నేల. వరి పండు దేశములోనే లక్షలాది జనులు అన్నము లేక మరణించిరి. పంట యొకటే చాలదు. ధర, రవాణా, పాలకుల నిర్ణయము కూడ మనుష్యుని అన్నమును నిర్ణయించునని ఆ ఘోరము తెలిపినది. పత్రిక చదువలేని వానికి ఇట్టి సంగతి చేర్చగలిగినది తంబురా, డక్కీ. కనుకనే నాటి మద్రాసు ప్రభుత్వము, నిజాము ప్రభుత్వము బుర్రకథను నిషేధించినవి.

లయకు, లోకవార్తకు గల ఈ చెలిమి మనకే పరిమితము కాదు. అమెరికాలో నల్లజాతివారి చర్చి గానము నుండి 'సోల్' అను సంగీతము పుట్టినది. 1960 దశాబ్దిలో దానినుండి 'ఫంక్' బయలుదేరినది. ఫంక్‌లో ఆవర్తపు మొదటి దెబ్బకు బలమెక్కువ; మన గాయకులు సమమునకు వచ్చినట్లు వాద్యములన్నియు అక్కడ కలిసికొనును. చికాగోలో 1942లో పుట్టిన కర్టిస్ మేఫీల్డ్ ఈ బాణీలో నల్లవారి పౌరహక్కులను, పేదరికమును పాడెను. 1972లో 'సూపర్ ఫ్లై' అను చలనచిత్రమునకు పాటలు కట్టినాడు. దాని కథానాయకుడు మత్తుమందుల వ్యాపారి. తెర అతని దర్జాను చూపగా, మేఫీల్డ్ పాటలు ఆ వ్యాపారము చేయు చెరుపును చెప్పినవి. జనులు వాటికి నృత్యము చేసిరి. మాటలు కూడ విన్నారు.

నాజర్‌కును మేఫీల్డ్‌కును పరిచయమున్నట్లు కాదు. ఇద్దరును గ్రహించిన సత్యము మాత్రమొకటే: చేదు సంగతి చెప్పవలెనన్నచో ముందు వినువాని పాదమును కదలించవలెను. లయ లేనిచో అది ఉపన్యాసము. సంగతి లేనిచో వట్టి కాలక్షేపము.

రేడియోలో బుర్రకథ వచ్చునప్పుడు కథకుని అడుగులు మనకు కనబడవు. కాని బొటనవ్రేలి అందెల చప్పుడును చెవితో వెంబడించినచో ఆ నడక తెలియును. అందెలు ఆగినచోట జాగ్రత్తగా వినుడు. రాజకీయము పలుకునది సామాన్యముగ అచ్చటనే. నవ్వించి పోవుచున్నాడా, నవ్వు వెనుక ఒక ప్రశ్న నుంచినాడా యని చూచుకొనుడు. మంచి దళమును గుర్తించుటకు ఇదియే గురుతు.

ఒకనాడు నిషేధము పాలైన ఆ కళకే, 1986లో నాజర్‌కు పద్మశ్రీ బిరుదు నిచ్చి భారత ప్రభుత్వము గౌరవము చేసినది. ఆయన 1997లో కన్నుమూసెను. ధరలు, పన్నులు, కరువులు నేటికిని ఉన్నవి. కుడివైపు వంతగానికి పని ఇంకను మిగిలియే యున్నది.