హైదరాబాదు మహానగరమును మన మూడు జిల్లాల రైతులును

హైదరాబాదునకు సముద్రము లేదు. పడవలు నడచునంతటి నదియు లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీయొడ్డున నెలకొల్పిన యీ నగరము 1901 నాటి జనగణనలో సుమారు నాలుగున్నర లక్షల జనముతో నుండెను. 2011 నాటికి చుట్టుపట్టణములతో గూడ 77 లక్షలు దాటెను. రేవుపట్టణములకు సరకు నీటిమీద తేలివచ్చును. నడిభూమి నగరమునకు బియ్యపుగింజ మొదలు బొగ్గుపెళ్ల వరకు సమస్తమును నేలమీదనే చేరవలయును. ఆ చేరవేతలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వంతెంత, దాని ప్రతిఫల మెవరికి దక్కుచున్నది అనునది మన సంఘసభ్యులు తెలిసికొనదగిన విషయము.

1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలుమార్గము వచ్చెను. అది తూర్పునకు సాగి 1889 నాటికి బెజవాడను చేరెను. జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్లు ఆ దారిలోనివే. ఇల్లెందు బొగ్గును తరలించుట యీ మార్గనిర్మాణమునకు గల ముఖ్యకారణములలో నొకటి. భూపాలపల్లిలో నేడు బొగ్గుగనులు పుష్కలముగా నున్నను ఆ పట్టణమునకు రైలు నేటికిని లేదు. అచ్చటి బొగ్గులో కొంత చెల్పూరు కాకతీయ విద్యుత్కేంద్రమున విద్యుత్తుగా మారి తీగలపై పోవుచున్నది. అచ్చట 2010లో 500 మెగావాట్ల యంత్రమును, 2016లో 600 మెగావాట్ల యంత్రమును ప్రారంభింపబడినవి.

నీటి సంగతి యింతకంటె చిక్కైనది. 1908 వరదల పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నగరమునకు చాలక, మంజీర, కృష్ణ, కడపట ఎల్లంపల్లి నుండి గోదావరి నీటిని తెచ్చుకొనిరి. మల్లన్నసాగరము నుండి మరింత గోదావరి జలమును తరలించు పనికి 2025లో శంకుస్థాపన జరిగెను. దేవాదుల యెత్తిపోతలతో జనగామ చెరువులు నిండునదియు ఆ గోదావరి నీటితోడనే. దప్పిగొన్నవారికి నీరు వలదనుట ధర్మము గాదు. అయినను వానలు తక్కువైన యేట కొళాయికెంత, కాలువకెంత అను లెక్కను ముందుగానే వెల్లడించుమని యడుగుట రైతుల హక్కు.

ఇక నగరము కొనునదేమి? 1960 తరువాత భెల్, ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వ కర్మాగారములును, వాని వెంబడి మందుల పరిశ్రమయు, 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిదప కంప్యూటరు కొలువులును నెలజీతపు కుటుంబములను లక్షలకొలది పెంచినవి. నెలజీతమువారు దినదినము కొనుదురు. మన పంట యేడాదికి ఒకటి రెండు మారులే చేతికి వచ్చును. ఈ రెంటి నడుమనున్న కాలమును ఎవడు భరించునో, అనగా ఎవడు చల్లబరచి, నిలువచేసి, రకములు విడదీసి యుంచునో, లాభ మాతనిదే. దళారిని తిట్టినంత మాత్రమున ఆ పని జరుగక మానదు. దానిని మనమే చేయవలయును.

పాల విషయమున నిది సులభముగా బోధపడును. జనగామ నుండి నగరము సుమారు 85 కిలోమీటర్లు మాత్రమే. కాని పితికిన పాలు కొన్ని గంటలలో చల్లబరుపబడనిచో చెడును. అయిదు లీటర్ల రైతు శీతలయంత్రమును కొనలేడు. అట్టివారు రెండువందలమంది కూడినచో పూటకు వేయి లీటర్లగును, యంత్రమునకు పని దొరకును. వెన్నశాతమును, వెన్నగాక మిగిలిన ఘనపదార్థమును రైతు కన్నులయెదుట కొలిచి ధర కట్టుట ముఖ్యము; గేదెపాలకు చెంబుతో కొలిచి యొకే ధర యిచ్చుటలో నష్టము మంచిపాలు పోసినవారిది. ఇది కేవలము ఊహ గాదు. మన పొరుగున ములుకనూరులో 1956లో వెలసిన సహకార గ్రామీణబ్యాంకు పరపతితో నాగక సభ్యుల పంటను తానే కొని యమ్ముచున్నది. ఆ యూరనే 2000లో స్త్రీలు పాల సహకార సమాఖ్యను స్థాపించి స్వకృషి అను పేర పాలు విక్రయించుచున్నారు. వారు మొదట చూచుకొన్నది హైదరాబాదును గాదు, దాపుననున్న వరంగల్లు, కరీంనగరములను. నా యభిప్రాయమున అదియే తెలివైన పని.

రహదారి వెంబడి పొలములు ఇండ్లస్థలములుగా మారుటయు నగరపు కొనుగోలే. ఒక్కమారు అమ్మిన చెలక మరల పాలియ్యదు. ఆ పైకముతో దూరమున మరియొక చెలక కొనినవారు మిక్కిలి అరుదు.

మిరపకు మాత్రము హైదరాబాదొక్కటే ద్వారము గాదు. మానుకోట, కేసముద్రము వైపు మిరప వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు పోవును. ఎగుమతి బేరములు గుంటూరు ధరలను చూచి నడచును. కారము తక్కువై రంగు మిక్కుటమైన చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించెను గాన, దానిని ఇతర రకములతో కలుపక వేరుగా ఆరబెట్టి బస్తాలకెత్తుట లాభకరము. ధర పడియున్నపుడు శీతలగిడ్డంగిలో నిలువచేయదలచినవారు 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైనదానినే యెన్నుకొనవలెను. అట్టి గిడ్డంగి యిచ్చు రసీదును కుదువబెట్టి బ్యాంకులో అప్పు పొందవచ్చును. రసీదుపై తూకము, రకము, నాణ్యము, గడువుతేది వ్రాయబడినవో లేవో గిడ్డంగి వాకిటనే చూచుకొనవలయును.