రహదారుల దోషపరీక్ష

రహదారిపై ఒక ప్రాణము పోయిన మరునాడు పత్రికలో కనబడు వాక్యము దాదాపు ఎల్లప్పుడును ఒక్కటియే: డ్రైవరు అజాగ్రత్త వలన ప్రమాదము సంభవించినది. పోలీసు నివేదికయు ఇట్లే వ్రాయబడును. 2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రహదారి ప్రమాదములు జరిగినవనియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించినది. ఆ మరణములలో నూటికి డెబ్బది అతివేగమను శీర్షిక క్రింద చేర్చబడినవి. ఇది అసత్యము కాదు, కాని అసంపూర్ణము. అంత వేగముగా పొమ్మని బండిని పిలిచినది ఏది? ఆ వేగమునకు ఎదురుగా మనిషి నడచి రావలసిన అవసరము ఎట్లు కలిగినది? గాయముతో బయటపడవలసిన చోట ప్రాణమే ఏల పోయినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము డ్రైవరునందే కాక, దారియందును వెదకవలసియున్నది.

రాష్ట్రేతరాంధ్రులకు ఇది దూరపు విషయము కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములను ఒరసికొనుచు 44వ జాతీయ రహదారి పోవుచున్నది. మదరాసు నుండి నెల్లూరు, విజయవాడ, విశాఖపట్టణముల మీదుగా ఇచ్ఛాపురము దాటి బరంపురము చేరునది 16వది. పుణె నుండి షోలాపురము మీదుగా హైదరాబాదు వచ్చునది 65వది. యానాము మీదుగా 216వది సాగుచున్నది. పెండ్లికి స్వస్థలమునకు పోవుటకైనను, పిల్లలు బడికి పోవుటకైనను ఇవియే దారులు. పలుచోట్ల ఊరు ముందు వెలసినది, నాలుగు వరుసల దారి తరువాత వచ్చినది. ఇల్లొక వైపునను, పొలమో బడియో మరియొక వైపునను మిగిలిపోయినవి.

దారి వేయువారికి బాటసారి క్షేమము పట్టవలెననుట మనవారికి క్రొత్త మాట కాదు. పదునేడవ శతాబ్ది చివరను, ఆ మీది శతాబ్ది తొలి యేండ్లలోను మనుమని పక్షమున మధుర రాజ్యమును పాలించిన నాయక వంశపు రాణి మంగమ్మ బాటలు వేయించి, ఇరుప్రక్కల చెట్లు నాటించి, సత్రములు కట్టించినది. దక్షిణ తమిళనాడులో ‘మంగమ్మాళ్ సాలై’ అను పేరు నేటికిని వాడుకలో నున్నది. ఆనాటి బాటసారి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచువాడు, కాదేని ఎడ్లబండి నెక్కినవాడు. వానికి శత్రువు ఎండ, కావున చెట్టే రక్షణ. ఎనుబది కిలోమీటర్ల వేగమున అదుపు తప్పిన కారునకు అదే చెట్టు రాతిగోడ. చెట్టు మారలేదు, వేగము మారినది.

అందుచేత చెట్లన్నిటిని నరుకవలెనని అర్థము కాదు. అంత సులభముగా తేల్చివేయువారు నరికిన తరువాత ఆ ఎండలో నడచు జనులను మరచుచున్నారు. చెట్టునకు ముందు ఇనుప కంచె వేయవచ్చును, క్రొత్త వరుసను చెట్ల ఆవలి ప్రక్క వేసి పాత వరుసను కదల్పకుండ వదలవచ్చును, లేదా ఆ భాగమున వేగమునే తగ్గింపవచ్చును. ఒక దారి క్షేమకరమా కాదా అను ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఏ వేగమునకు, ఎవరికి అని అడిగినప్పుడే జవాబు దొరకును.

వేగము యొక్క లెక్కను పెద్ద తరగతుల బాలురు సైతము వేయగలరు. ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు ఇరువదిరెండు మీటర్లకు పైగా దాటును. అపాయమును చూచి, అది అపాయమని గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు రెండున్నర సెకనులు పట్టునని 1934లో స్థాపింపబడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు తన ప్రమాణములలో లెక్కగట్టినది. ఆ ప్రమాణముల ప్రకారము 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి నిలుచుటకు 60 మీటర్లును, 80కి 120 మీటర్లును, 100కి 180 మీటర్లును ముందు దారి కనబడుచుండవలెను. వేగము రెట్టింపయినచో కావలసిన దూరము మూడింతలగుచున్నది, ఢీకొను శక్తి నాలుగింతలగుచున్నది. ఇక దాటువారి వైపు నుండి చూడుడు. నాలుగు వరుసల రహదారిలో ఒక ప్రక్క బాట వెడల్పు ఏడు మీటర్లు. ముసలివారో, పుస్తకముల సంచి మోయు పిల్లలో సెకనుకు ఒక మీటరు చొప్పున నడచినచో ఏడు సెకనులు పట్టును. ఆ వ్యవధిలో ఎనుబది వేగముతో వచ్చు బండి నూటయేబదియైదు మీటర్లు వచ్చివేయును. అంత దూరమున నున్న బండి మలుపు చాటుననో, వంతెన ఎత్తు వెనుకనో కనబడకున్నచో, ఎంత జాగరూకత గలవాడైనను ఏమి చేయగలడు?

ఇట్టి దోషములను కనిపెట్టుటకు ప్రభుత్వము వారు చిరకాలము అనుసరించిన పద్ధతి మరణముల లెక్క. జాతీయ రహదారిపై ఇంచుమించు 500 మీటర్ల భాగమున మూడు సంవత్సరములలో మరణమో తీవ్రగాయమో కలిగించిన ప్రమాదములు ఐదు జరిగినను, లేక పదిమంది మరణించినను ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’ అందురు. ఈ లెక్క అక్కరకు వచ్చునదే. చాలీచాలని ధనమును ముందుగా ఎక్కడ వెచ్చింపవలెనో అది చూపును. కాని ఆ జాబితాలో చేరుటకు ఒక ఊరు చెల్లింపవలసిన రుసుము పది ప్రాణములు! తొమ్మిది మరణములు జరిగిన చోటు మంచిదని ఎవరును అనలేరు గదా.

మరణములకు ముందే దోషమును పట్టుకొను పద్ధతి రెండవది. దీనిని రోడ్డు భద్రతా ఆడిట్ అందురు. ఇది 1980వ దశకమున ఇంగ్లండులో రూపు దాల్చినది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు దీనికై ప్రత్యేక గ్రంథమును 2010లో వెలువరించి, 2019లో సవరించినది. ఇందు మొదటి నియమమే ముఖ్యమైనది: దారిని రూపొందించినవారు దానిని పరీక్షింపరాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. పటము గీయునప్పుడును, నిర్మాణము సాగునప్పుడును, ప్రారంభమునకు ముందును, వాడుకలోనికి వచ్చిన తరువాతను ఈ పరీక్ష జరుగవలెను. కాగితముపై గీతను మార్చుటకు రబ్బరు ముక్క చాలును, కాంక్రీటు పోసిన పిదప సమ్మెట కావలెను.

పరీక్షకులు కారులో కూర్చుండి ఒకసారి పోయి వచ్చినచో అది పరీక్ష కానేరదు. పగలును, రాత్రియును, రెండు దిశలలోను పోవలెను. దిగి నడువవలెను. బస్సు దిగిన స్త్రీ ఎటు నడచునో, సైకిలు త్రొక్కు బాలుడు ఏ సందు నుండి వచ్చి చేరునో చూడవలెను. అప్పుడు గాని పటమునందు కనబడని దోషములు బయటపడవు. తారు అంచునకును ప్రక్క మట్టికిని నాలుగు వ్రేళ్ల ఎత్తు తేడా యున్నచోట ద్విచక్ర వాహనము చక్రము జారి పడును. వెడల్పు చేసిన దారిలో పాత కల్వర్టు మాత్రము ఇరుకుగనే మిగిలి, దాని గోడ చీకటిలో దారికి అడ్డముగా నిలుచును. రక్షణకై వేసిన ఇనుప కంచె మొనను నేలలోనికి వంచక వదలినచో అది కారును ఈటెవలె చీల్చును. ప్రకటన బల్ల ఒకటి ప్రక్కదారి మొగమును కప్పివేయును. ప్రమాణ గ్రంథమున స్పీడు బ్రేకరునకు 3.7 మీటర్ల వెడల్పును, 10 సెంటీమీటర్ల ఎత్తును గుండ్రని వంపును చెప్పబడియుండగా, ఒక మరణము జరిగిన రాత్రియే ఊరివారు కోపముతోను దుఃఖముతోను సిమెంటు దిమ్మ వంటిది కట్టివేయుదురు. రంగు లేదు, హెచ్చరిక బల్ల లేదు. దానిపై మరియొకడు పడును. వారి కోపము న్యాయమైనదే, ఆ దిమ్మ మాత్రము న్యాయము కాదు.

మూడవ పద్ధతి నక్షత్ర నిర్ణయము. అంతర్జాతీయ రహదారి పరీక్షా సంస్థయగు ఐరాప్ వారు దారిని నూరు మీటర్ల ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కలో మలుపు, అంచు, నడుమ కట్ట, కాలిబాట, కూడలి మున్నగు లక్షణములను గుర్తించి, ఒకటి మొదలు ఐదు వరకు నక్షత్రముల నిత్తురు. ఐదు ఉత్తమము. ఇందలి మేలు ఏమనగా, కారువారికి, ద్విచక్ర వాహనదారులకు, సైకిళ్లవారికి, పాదచారులకు విడివిడిగా నక్షత్రములు వేయబడును. కారులో పోవువారికి నాలుగు నక్షత్రములైన దారియే నడచువారికి ఒక్క నక్షత్రపు దారి కావచ్చును. పది నిమిషముల కాలము కలిసివచ్చినదని పట్టణవాసి మెచ్చుకొను దారిని, దాని ప్రక్క ఊరి ముసలమ్మ ఏల శపించునో ఈ పట్టిక చూచినచో తెలియును.

పరీక్ష తరువాత పరిహారము జరిగినచో ఫలము కలుగునా? కర్ణాటకలో బెళగావి నుండి యరగట్టి వరకు గల సుమారు అరువది కిలోమీటర్ల రాష్ట్ర రహదారిని ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో ఇట్లు పరీక్షించి సవరించిరి. ఊళ్లలో కాలిబాటలు, కూడళ్ల మరమ్మతు, మలుపులలో కంచెలు, గీతలు, గుర్తులు ఏర్పరచి, వానికి తోడుగా పోలీసు నిఘాను, గాయపడినవారికి శీఘ్ర చికిత్సను కూర్చిరి. మరణములు సగమునకు పైగా తగ్గినవి. మహారాష్ట్రలో ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్ దారిపై 2016లో 151 మంది మరణించిరి. ఆ యేడు మొదలుకొని విడిగా నిలిచిన వంతెన స్తంభములకును కంచె మొనలకును రక్షణ కల్పించి, నడుమ కట్టలోని అక్రమ సందులను మూసివేయగా, 2019 నాటికి ఆ సంఖ్య 92కు దిగినది. తెలంగాణము నుండి ముంబయికి పోవు బస్సులలో చాల భాగము ఈ దారినే పట్టును.

తమిళనాడు అంకెలు మాత్రము వేరొక పాఠమును చెప్పుచున్నవి. ఆ రాష్ట్రమున 2016లో 17,218గా నున్న మరణములు 2019లో 10,525కు తగ్గగా దేశమంతయు మెచ్చుకొన్నది. 2022 నాటికి ఆ సంఖ్య మరల 17,884కు పెరిగినది. ఒకసారి చేసిన బాగుచేత శాశ్వతము కాదు. గీతలు మాయును, కంచెలు వంగును, బండ్లు పెరుగును. పరీక్ష ఏటేట జరుగవలసినదే.

మనవారు అధికారులకిచ్చు అర్జీలలో తరచుగా కనబడు కోరిక నడుమ కట్టలో ఒక సందు విడువుమనుట. ఇంజనీర్లు దానిని మూసివేయుదురు, జనులు మరల పగులగొట్టుదురు. ఇరువురియందును న్యాయమున్నది. సందు ఉన్నచోట బండి తిరుగును, తిరుగు బండిని వెనుకనుండి లారీ ఢీకొనును. సందు లేకున్నచో ఎదుట కనబడు పొలమునకు రెండు మూడు కిలోమీటర్లు చుట్టి పోవలెను, లేదా కట్ట దూకవలెను. పైవంతెన కట్టి చేతులు దులుపుకొనుటయు పరిష్కారము కాదు. మోకాళ్ల నొప్పులు గలవారును, గడ్డిమోపు ఎత్తుకొన్నవారును ఆ మెట్లెక్కరు. దారి క్రిందుగా మనుషులును పశువులును పోగల చిన్న సొరంగ మార్గము, దానికి చేర్చు సర్వీసు రోడ్డు అడుగవలెను. ఖర్చు ఎక్కువయే, కాని జనులు వాడునది అదియే. అంతవరకు వేగము తగ్గింపు, దీపము, నడుమ నిలుచుటకు చోటు కావలెను.

అడుగుటకు చట్టబలము కలదు. కోయంబత్తూరు శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2014లో రహదారి భద్రతకై ఒక సంఘమును నియమించినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 198-ఏ సెక్షను ప్రకారము, ప్రమాణములను పాటింపని కాంట్రాక్టరు, సలహాదారు, రహదారి అధికారులపై లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కోట్ల పనికి లక్ష స్వల్పమే. అయినను దారి తప్పునకు మనుషులు బాధ్యులని చట్టము ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. జిల్లా రహదారి భద్రతా సంఘములును ఆ చట్టమునందే చెప్పబడియున్నవి.

భాషను గూర్చి ఒక మాట. పొరుగు రాష్ట్రపు లిపి రాని తెలుగు లారీ డ్రైవరునకు అక్షరముల బల్ల నిష్ప్రయోజనము. ఎఱ్ఱ త్రిభుజము హెచ్చరిక, ఎఱ్ఱ వలయము నిషేధము, నీలి చతురస్రము సమాచారము అను బొమ్మల భాష అందరిదియు. ఈ మూడును తెలుగు బడులలో అక్షరమాలతో పాటు నేర్పదగినవి.

అర్జీ వ్రాయుటకు ఒక టేపు, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము చాలును. ఉదయము బడి వేళ ఒక గంటలో ఎందరు దాటిరి, వారిలో పిల్లలెందరు, దాటుచోటు నుండి ఎంత దూరము కనబడుచున్నది, దగ్గరి దీపము ఎక్కడ, ఎప్పుడెప్పుడు ఏ ప్రమాదము జరిగినది అను వివరములు ఉండవలెను. అన్నిటికంటె ముందు కిలోమీటరు రాతిపైని అంకె. పసుపు తల గలది జాతీయ రహదారి రాయి, పచ్చ తల గలది రాష్ట్ర రహదారి రాయి. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మారినవి. మదరాసు దారి 5 పోయి 16 అయినది, హోసూరు దారి 7 పోయి 44 అయినది. పాత రాయి నిలిచియున్న చోట రెండు సంఖ్యలును అర్జీలో వ్రాయవలెను.