ప్రశ్నించినచో విశ్వాసము సడలునా?



క్రైస్తవ మతమునకు మూలస్తంభములని చెప్పబడు సిద్ధాంతములు కొన్ని కలవు. దేవుడు ఒక్కడే యయ్యు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యని ముగ్గురుగా నున్నాడనుట త్రిత్వము. దేవుడే మనుష్యుడై పుట్టెననుట నరావతారము. సిలువ మరణము లోకపాపమునకు ప్రాయశ్చిత్తమనుట మూడవది. చనిపోయినవాడు మూడవ దినమున తిరిగి లేచెననుట పునరుత్థానము. వీనిని ప్రశ్నించినచో భక్తి చెడునా, బైబిలునకు కీడు కలుగునా యన్నది నేటి విచారణ.

ఇది పండితుల కాలక్షేపము కాదు. ఆర్మూరు చుట్టుపట్ల పల్లెలలో క్రైస్తవ కుటుంబములు కలవు. పట్టణమున చదివివచ్చిన కుర్రవాడు, "ఒకటి మూడెట్లగును?" అని యడుగును. తండ్రి కోపించును. తల్లి కన్నీరు పెట్టుకొనును. సంఘపెద్ద యేమనవలెనో తెలియక, "నోరు మూసికొమ్ము" అనును. అట్టి తగవు పెద్దమనుష్యుల యొద్దకు వచ్చినప్పుడు వారు చెప్పు మాటతో ఒక కొడుకు ఇంట నిలుచుటయో, ఇల్లు విడుచుటయో జరుగును. నేను పుట్టుకచే క్రైస్తవుడను కాను. తర్క వ్యాకరణములు చదివి, బడిలో పాఠములు చెప్పినవాడను. పొరుగువాడనై, శాస్త్రమర్యాద ననుసరించి నాలుగు మాటలు విన్నవించెదను.

మొదట మూడు వస్తువులను వేరుపరుపవలెను. గ్రంథము ఒకటి, సిద్ధాంతము ఒకటి, విశ్వాసము ఒకటి. గ్రంథము మూలవాక్యము. సిద్ధాంతము ఆ వాక్యమునకు పెద్దలు తేల్చిన అర్థము. విశ్వాసము ఆ దేవునియందు మనుష్యుడుంచు నమ్మిక. మనలో వేదాంతసూత్రములు అందరికి నొక్కటియే. భాష్యములు మాత్రము శంకరులది వేరు, రామానుజులది వేరు, మధ్వులది వేరు. ఒక భాష్యమును శంకించినవాడు సూత్రములను త్రోసివేసినవాడు కాడు. ఈ వివేకము లేకపోవుటచేతనే ప్రశ్న యనగానే భయము పుట్టుచున్నది.

ఇక సిద్ధాంతములెట్లు పుట్టినవో చూతము. త్రిత్వమను పదము బైబిలులో లేదు. అలెగ్జాండ్రియా నగరమున ఏరియసు అను గురువు, కుమారుడు తండ్రిచే సృష్టింపబడినవాడే కాని తండ్రితో సమానముగా అనాది కాడని బోధించెను. దానిపై కలహము రేగగా కాన్‌స్టంటైను చక్రవర్తి క్రీ. శ. 325 లో నైసియాలో అధ్యక్షులను సమావేశపరచెను. కుమారుడు తండ్రితో ఏకసత్త్వము గలవాడని వారు నిర్ణయించిరి. ఆ నిర్ణయమున వాడిన గ్రీకుపదము సైతము బైబిలులోనిది కాదని అప్పుడే కొందరాక్షేపించిరి. అంతటితో తగవు తీరలేదు. నైసియా పక్షమున నిలిచిన అథనేసియసు అయిదు మారులు దేశభ్రష్టుడయ్యెను. క్రీ. శ. 381 లో కాన్‌స్టాంటినోపులు సభలో గాని ఆ నిర్ణయము స్థిరపడలేదు. 2025 వ సంవత్సరమునకు నైసియా సభ జరిగి పదునేడు వందల యేండ్లు నిండినవి. ఏరియసు అడుగకుండినచో సభయే కూడియుండదు. సిద్ధాంతమునకు ఆ స్ఫుటత్వమును వచ్చియుండదు. పూర్వపక్షము లేనిది సిద్ధాంతమెక్కడిది? ప్రశ్నకు వెరచు నేటివారు తాము కాపాడుచున్న సిద్ధాంతము ప్రశ్నకు బిడ్డయని మరచుచున్నారు.

మూలగ్రంథమునకు హాని కలుగునా యన్నది తరువాతి శంక. దీనికి జరిగిన కథయే ప్రత్యుత్తరము. యోహాను వ్రాసిన మొదటి లేఖ అయిదవ అధ్యాయమున, పరలోకమందు ముగ్గురు సాక్షులు కలరనియు, వారు ఏకమైయున్నారనియు చెప్పు భాగమొకటి లాటిను ప్రతులలో నుండెను. త్రిత్వమునకు ఇంతకంటె స్పష్టమైన ఆధారము వేరొకటి లేదని పలువురు తలంచిరి. ఎరాస్మసు అను పండితుడు 1516 లో గ్రీకు క్రొత్త నిబంధనమును అచ్చొత్తించునప్పుడు ఆ భాగము తాను చూచిన గ్రీకు ప్రతులలో కానరాదని విడిచిపెట్టెను. 1519 నాటి కూర్పునను చేర్చలేదు. పెద్ద గగ్గోలు పుట్టెను. పిమ్మట ఒక గ్రీకు ప్రతిలో చూపగా 1522 లో చేర్చెను. తరువాతి పరిశోధకులు అనేక ప్రతులను సరిచూచి అది ప్రాచీన పాఠము కాదని తేల్చిరి. నేటి అనువాదములలో చాలవరకు ఆ భాగము ఉండదు, లేదా అధస్సూచికలో నుండును. మరి త్రిత్వము కూలెనా? కూలలేదు. నైసియా పెద్దలు ఆ వాక్యముపై ఆధారపడి నిర్ణయము చేసినవారు కారు.

మనకిది క్రొత్త కాదు. పోతనగారి భాగవతమున కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, నారయ యనువారు పూరించిరని మనమెల్లరము ఎరుగుదుము. పూనా నగరమున భండార్కరు పరిశోధనాలయమువారు 1919 మొదలు 1966 వరకు దేశమందలి మహాభారత ప్రతులను సరిచూచి, ప్రక్షిప్తములని తోచిన శ్లోకములను వేరుపరచిరి. అందుచే ఏ ఊరిలోను భారతపురాణము ఆగలేదు. తెలుగు బైబిలు కథయు ఇట్టిదే. 1805 లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాను, డెస్ గ్రాంజెసు అను దొరలు, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో తెలిగించుట కారంభించిరి. వారి సువార్తలు మూడు 1812 లో శ్రీరామపురమున అచ్చుపడినవి. క్రొత్త నిబంధన మంతయు 1818 లో మదరాసున ప్రిచ్చెట్టు దొర అనువాదముగా వెలువడినది. తరువాత దానిని మరల మరల దిద్దిరి. ఈ మాట మూలమునకు సరియగునా యని యెవరో అడిగిననే గదా దిద్దుబాటు!

గ్రంథము ప్రశ్నను సహింపదని కొందరందురు. గ్రంథమును విప్పి చూచినచో వేరుగా నున్నది. యోబు నీతిమంతుడు, సంపద పోయి, బిడ్డలు చచ్చి, ఒడలెల్ల పుండ్లు పడగా దేవునితోనే వాదమునకు దిగెను. అతని మిత్రులు, దుఃఖము పాపమునకు శిక్షయను సిద్ధాంతమును అప్పగించిరి. చివరకు దేవుడు యోబునకు తన యల్పత్వమును చూపెను గాని అతనిని త్రోసివేయలేదు. సిద్ధాంతమును వల్లించిన మిత్రులనే తనను గూర్చి యుక్తము పలుకలేదని కోపించెను. తోమా యను శిష్యుడు గాయములను తాకి చూచినగాని పునరుత్థానమును నమ్మననెను. గురువతనిని వెడలగొట్టక గాయములనే చూపెను. ఆ తోమాయే మన దేశమునకు ఆ మతమును తెచ్చెననియు, మైలాపూరున అతని సమాధి కలదనియు ఐతిహ్యము.

పుట్టుగ్రుడ్డి నొకనిని చూచి శిష్యులడిగిన ప్రశ్నయు యోహాను సువార్తలో నున్నది. ఇతడు గ్రుడ్డివాడగుటకు ఇతని పాపము కారణమా, తలిదండ్రుల పాపము కారణమా యని వారడిగిరి. రెండును కావని గురువు చెప్పెను. ఆ యుత్తరము విలువ తెలియవలెనన్న దూరము పోనక్కరలేదు. మన జిల్లాలోనే డిచ్‌పల్లియందు ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, భర్త జార్జి కెర్‌తో గూడి, 1915 లో కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పినది. రాజా నర్సాగౌడు, తాను హిందువయ్యు, దానికి ధనసహాయము చేసెను. కుష్ఠు పాపఫలమని ఇంటివారే రోగిని ఊరివెలుపల విడిచిన దినములవి. ఆ పాత నమ్మకమును ప్రశ్నించినవారు లేకుండినచో ఆ రోగులకు మందెవరిత్తురు, గాయమెవరు కడుగుదురు?

తెలుగువారిలో ఈ ప్రశ్నను తుదివరకు నడిపించినవారు పండిపెద్ది చెంచయ్యగారు. 1886 లో జన్మించిరి. చిన్ననాడే కుటుంబముతో గూడ క్రైస్తవమతమున చేరిరి. న్యాయశాస్త్రము చదివి పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయాధిపతిగా నుండిరి. 1938 డిసెంబరులో మదరాసు చెంత తాంబరమున అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగినది. దానికి ముందుగా క్రేమరు అను డచ్చి పండితుడు, బైబిలునందలి దైవప్రకటనము ఇతర మతములతో కలియునది కాదని ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. దానికి బదులుగా చెంచయ్యగారును మరికొందరును ఆ సంవత్సరముననే "రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా" అను గ్రంథమును వెలువరించిరి. భారతదేశమున క్రైస్తవమును మరల ఆలోచించుట యని దాని కర్థము.

చెంచయ్యగారి పక్షమిది. పాశ్చాత్య సంఘములు శతాబ్దముల పర్యంతము పేర్చిన సిద్ధాంతములు, సంఘవ్యవస్థలు క్రీస్తునకును భారతీయునకును నడుమ గోడగా నిలువరాదు. క్రీస్తు పాపమునకు వెలచెల్లించినవాడు మాత్రమే కాడు. మానవజాతిలో ప్రారంభమైన నూతన సృష్టి. పరిశుద్ధాత్మశక్తిచే మనుష్యుడు ఆ నూతనజీవమున పాలుగొనవలెను. ప్రాచీన సిద్ధాంతములను ఆయన గట్టిగా ప్రశ్నించిరి. కాని 1959 లో కాలధర్మము నొందువరకు క్రీస్తును విడువలేదు. ఆయనను కాదన్నవారి మాటయందును బలము లేకపోలేదు: గోడయని తలంచి పడగొట్టినది ఇంటిని మోయు స్తంభమైనచో నేమగును? సంఘమే లేకుండినచో ఆ క్రీస్తు కథ ఇన్ని తరములు దాటి చెంచయ్యగారి చెవినెట్లు పడెను? ఇరుపక్షములవారును గ్రంథమునే చేతబట్టి వాదించిరి. ఆ వాదముచే గ్రంథమునకు పాఠకులు పెరిగిరి గాని తరుగలేదు.

సంఘములు కలియుటయు ప్రశ్నవలననే. 1919 లో తరంగంబాడియందు దోర్నకల్లు అధ్యక్షులైన అజరయ్యగారు మొదలగువారు కూడి, విదేశములలో పుట్టిన విభేదములను మనమేల మోయవలెనని యడిగిరి. అధ్యక్షుని హస్తనిక్షేపము లేని గురువు గురువగునా కాడా యన్న చర్చ ఇరువదియెనిమిది యేండ్లు సాగినది. అజరయ్యగారు 1945 లో గతించిరి, ఫలమును చూడలేదు. 1947 సెప్టెంబరు 27 న దక్షిణ ఇండియా సంఘమేర్పడినది. అప్పటికున్న గురువులను అందరును అంగీకరింపవలెననియు, ఇకముందు అధ్యక్షులే అభిషేకింపవలెననియు ఒడంబడిక కుదిరినది. మెదకులో 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠితమైన మహాదేవాలయము నేడు ఆ సంఘమునకు చెందినదే.

అయితే ప్రశ్నలన్నియు మేలే చేయునా? అట్లనరాదు. వేరును నరుకుట వేరు, కొమ్మను దిద్దుట వేరు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో, క్రీస్తు లేవకుండినచో తమ బోధయు వ్యర్థము, వారి విశ్వాసమును వ్యర్థమని తానే యొప్పుకొనెను. కాబట్టి పునరుత్థానమును కాదన్నవాడు చిన్న మార్పు చేసితిననుకొనరాదు. సృష్టి ఆరు దినములు సూర్యోదయాస్తమయముల దినములా, యుగములా యన్న ప్రశ్న అంతటిది కాదు. ఏ ప్రశ్న మూలమును తాకును, ఏది తాకదు అని తెలిసికొనుటయే పెద్దల వివేకము.

ప్రశ్నించువాని ఉద్దేశమును చూడవలెను. గౌతముని న్యాయశాస్త్రమున సంశయము పదునారు పదార్థములలో నొకటి. అది దోషమని కాదు, జ్ఞానమునకు మెట్టని. ఆ శాస్త్రమే చర్చను మూడు తెరగులుగా విభజించినది. తత్త్వమును తెలియగోరి చేయునది వాదము. గెలుపుకొరకు చేయునది జల్పము. తనకంటూ పక్షము లేక ఎదుటివానిని ఖండించుటకే చేయునది వితండ. పసుపు కొనువాడు రాశిలోనుండి ఒక కొమ్మును తీసి విరిచి, లోని రంగును, ఎండుదలను చూచును. మంచి సరుకు తెచ్చిన రైతు దానికి కోపింపడు. విరిచి చూడరాదన్న వానినే అందరును అనుమానింతురు. కొనునుద్దేశము లేక కొమ్ములన్నిటిని విరిచి మన్నుపాలు చేయువానిని మాత్రము అంగడిలో నెవ్వరును నిలువనియ్యరు. మొదటివాడు వాది, రెండవవాడు వైతండికుడు.

కావున పెద్దలకు నా మనవి యిది. పిల్లవాడు ప్రశ్నించినచో వానిని విశ్వాసహీనుడనకుడు. తెలిసినంత చెప్పుడు, తెలియనిచో తెలియదనుడు, చదివినవారి యొద్దకు పంపుడు. నోరు మూయించినచో ప్రశ్న చావదు; వాడు ఇల్లు దాటి, ప్రేమలేనివారి యొద్ద దానికి ఉత్తరము వెదకికొనును. ప్రశ్నించు యువకులకును ఒక మాట. వ్యాధితో మంచము పట్టి, ప్రార్థనయే ఆసరాగా నున్న ముసలితల్లి యొద్ద త్రిత్వఖండనము చేయకుడు. కాలమును, స్థలమును, అధికారియును ఎరిగి యడుగుటయు శాస్త్రమే.

విశ్వాసము ప్రశ్నచే చెడదు. అడుగువానియందు దయయు, చెప్పువానియందు ఓర్పును కొరవడినప్పుడు చెడును. ఈ మాట క్రైస్తవులకెంతయో మనకును అంతయే.

సెలవు.