ఇంటి వెలల పుస్తకము

కందిపప్పు కిలోకు పది రూపాయలు పెరిగినచో ఆ దినముననే కనిపెట్టి దుకాణదారుని నిలదీయు గృహిణి, జన్మలో ఒక్కమారు కొను ఇంటి విషయమున మాత్రము “పెద్దవారు చూచుకొందురు” అని ఊరకుండుట మనలో చిరకాలముగ వచ్చుచున్న అలవాటు. కాని ఆ ఇంటికై బ్యాంకులో కుదువకు పోవునవి ఆమె నగలే. ఇరువది యేండ్లు వాయిదాలు కట్టుటకై బిగింపబడునది ఆమె చేతి ఖర్చే. నేడు పెక్కు కుటుంబములలో ఆ వాయిదాలో సగము ఆమె జీతమే. కావున ఇంటి వెలలు ఎటు కదలుచున్నవో కనిపెట్టు పని ఆమెది కాదనుట మాకు న్యాయముగ తోచదు. హైదరాబాదు నగరమును దృష్టాంతముగ గైకొని, ఆ పని ఎట్లు చేయనగునో వివరింపదలచితిమి.

ఈ నగరమున ఏ పేరంటమునకు వెళ్ళినను భూముల వెలల ప్రసంగమే. “కోకాపేటలో ఎకరము నూరు కోట్లట!” అని ఒకరందురు. ఆ మాట అబద్ధము కాదు. హెచ్.ఎం.డి.ఏ. వారు 2021 జూలైలో అచట వేలము వేయగా ఎకరమునకు మిక్కిలి హెచ్చుగా 60.2 కోట్లు పలికినది. 2023 ఆగస్టు వేలములో ఒక ఖండము 100.75 కోట్లకు పోయినది. ఐతే ఆ రెండవ వేలములో సగటు వెల 73 కోట్లే. సగటు నెవరును జ్ఞాపక ముంచుకొనలేదు. నూరు కోట్ల మాటయే ఊరంతయు తిరిగినది. ఆకాశమంటు మేడలు కట్టు సంస్థల లెక్క వేరు, నల్లకుంటలోనో ఉప్పలులోనో రెండు పడకగదుల ఫ్లాటు కొనువారి లెక్క వేరు. ఐనను ఆ వార్త వినగానే ఇచటి యింటి యజమాని కూడ తన వెలను పెంచి చెప్పును. “ఇప్పుడు కొననిచో ఇక కొనలేరు” అని మధ్యవర్తి అందించును. ఈ ఒక్క వాక్యమునకు బెదరి అప్పులపాలైన కుటుంబము లెన్నియో!

వెల ఎన్నటికిని తగ్గదనుట కూడ నిజము కాదు. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు నగరము పడమటివైపు పరుగిడినది, వెలలు హెచ్చినవి. పిమ్మట 2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభము వచ్చినది. దాని వెనుకనే రాష్ట్ర విభజనను గూర్చిన అనిశ్చితి వచ్చినది. నేషనల్ హౌసింగ్ బ్యాంకు వారు ‘రెసిడెక్స్’ అను పేర ఇండ్ల వెలల సూచికను ప్రకటింతురు. 2007వ సంవత్సరపు వెలను 100గా నుంచి వారు లెక్కించిన మొదటి పట్టికలలో హైదరాబాదు అంకె 2012లో కూడ నూటికి లోపలనే యుండెను. అనగా 2007లో గొప్ప ధర యిచ్చి కొన్నవారు ఐదేండ్లు వడ్డీ కట్టిన పిమ్మటను, అమ్మబోయినచో పెట్టిన సొమ్మైనను చేతికి రాని స్థితి యన్నమాట. ఆ యేండ్లలో ఉద్యోగము పోయియో, వైద్యమునకై సొమ్ము కావలసియో ఇల్లు అమ్ముకొనవలసి వచ్చిన వారి బాధ ఏ సూచికలోను కానరాదు.

ఇంతకును ‘వెల’ యనగా ఏది? అమ్మువాడు చెప్పునది ఒకటి. బేరమాడిన పిమ్మట కుదురునది మఱియొకటి. దస్తావేజులో వ్రాయించునది వేఱొకటి. అది నిజమైన సొమ్ముకంటె తక్కువగ నుండుట మన దేశమున క్రొత్త కాదు. ఇవిగాక, స్టాంపు సుంకము నిమిత్తము ప్రభుత్వము వారు నిర్ణయించు మార్కెటు విలువ యొకటి కలదు. పేరు మార్కెటు విలువయే కాని అది మార్కెటును చాల వెనుకబడి నడచును. తెలంగాణలో 2013 నాటి విలువలు 2021 జూలై వరకు మార్పులేక నిలిచినవి; మరల 2022 ఫిబ్రవరిలో పెంచిరి. ఆ యెనిమిదేండ్లు బజారు వెలలు నిలువలేదు గదా! పత్రికలలోని ప్రకటనలలో కనబడునవి అన్నియు మొదటి రకపు వెలలే. వానిని చూచి నగరములో ఇంటి ధర యింత యని నిశ్చయించుట, చీరెల దుకాణములో మొదట చెప్పిన ధరయే చీరె వెల యని నమ్ముట వంటిది.

సగటులతో మఱింత జాగ్రత్త వలయును. ఒక నెలలో పది యిండ్లు అమ్ముడుపోయిన వనుకొందము: ఎనిమిది 50 లక్షల చొప్పున, రెండు కోటిన్నర చొప్పున. సగటు 70 లక్షలు. మఱుసటి నెలలో నాలుగు 50 లక్షలకు, ఆరు కోటిన్నరకు పోయినవి. సగటు ఒక కోటి 10 లక్షలు! “నెలలో వెలలు సగమునకు పైగా పెరిగినవి” అని వార్త వ్రాయవచ్చును. కాని ఏ యొక్క యింటి వెలయు ఒక్క రూపాయి పెరుగలేదు, పెద్ద యిండ్లు హెచ్చుగ అమ్ముడుపోయినవి, అంతే. ఈ చిక్కును తప్పించుకొనుటకే అమెరికాలో కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ అను నిరువురు పండితులు 1980 దశకమున ఒకే యిల్లు రెండుమార్లు అమ్ముడైనప్పటి వెలలను పోల్చి లెక్క కట్టిరి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున హెరెన్‌గ్రాక్ట్ అను కాలువ యొడ్డున గల యిండ్ల వెలలను 1628 నుండి 1973 వరకు ఇట్లే మఱియొక పండితుడు పరిశీలింపగా, ఇతర వస్తువుల ధరల పెరుగుదలను తీసివేసిన పిమ్మట మిగిలిన పెంపు మూడున్నర శతాబ్దములకు ఇంచుమించు రెట్టింపు మాత్రమే యని తేలినది. మన పేరంటములలో రెట్టింపునకు మూడేండ్లు చాలును!

ఆ ధరల పెరుగుదల మాట మన యింటిలోను మఱువరాదు. 40 లక్షలకు కొన్న యిల్లు ఐదేండ్లకు 50 లక్షలకు అమ్మినవారు పది లక్షలు లాభమని సంతసింతురు. ఏటేట అన్ని ధరలును నూటికి ఐదు చొప్పున హెచ్చినచో, ఆనాటి 40 లక్షలకు నేడు 51 లక్షలైనను ఉండవలయును. కొన్ననాటి రిజిస్ట్రేషను ఖర్చు వేఱుగ కలదు; తెలంగాణలో అది 2021 జూలైలో నూటికి ఆరునుండి ఏడున్నరకు పెరిగినది.

కొలతల విషయమున గృహిణి కంటిని మోసగించుట సులభము కాదని మా నమ్మకము. ఒక ఫ్లాటు 1500 చదరపు అడుగులు, అడుగు 6000. వెల 90 లక్షలు. మఱియొకటి 1400 అడుగులు, అడుగు 6200. వెల 86 లక్షల 80 వేలు. రెండవది ప్రియమని తోచును. కాని గోడల నడుమ మనము చాప పఱచుకొను చోటు, అనగా కార్పెట్ ఏరియా, మొదటిదానిలో 1050 అడుగులును, రెండవదానిలో 1060 అడుగులును ఐనచో, నిజమైన వెల మొదటిదానికి అడుగు 8571, రెండవదానికి 8189. మెట్లు, లిఫ్టు, వసారాలు కలిపిన సూపర్ బిల్టప్ కొలతలో మనము వంట చేసికొనము గదా! 2016 నాటి రెరా చట్టము కార్పెట్ ఏరియా యనగా నేమో నిర్వచించినది. అమ్మువారు దానిని తెలుపకపోయినచో అడుగవలయును. కారు నిలుపు చోటు, క్లబ్బు, నీరు, విద్యుత్తు, నిర్వహణ నిధి అని పిమ్మట చేర్చువానిని ముందే కలిపి లెక్క కట్టవలయును. కట్టుబడిలోనున్న ఫ్లాటునకు 2019 ఏప్రిలునుండి సాధారణముగ నూటికి 5 జి.ఎస్.టి. ఏర్పడినది, పూర్తియైనట్లు సర్టిఫికేటు వచ్చిన పిమ్మట కొన్న యింటికి అది లేదు.

ఇక పుస్తకము సంగతి. మల్కాజిగిరిలో రెండు పడకగదుల ఫ్లాటు కొనదలచిన గృహిణి యున్నదనుకొందము. ఆమె నగరమంతయు తిరుగ నక్కఱలేదు. రెండు మూడు వీధులు, ఒకే పరిమాణము, ఇంచుమించు ఒకే వయసు గల భవనములు ఎన్నుకొనవలయును. నెలకొకమారు అమ్మకమునకున్న ఫ్లాటులు చూచి, తేది, అంతస్తు, కార్పెట్ కొలత, చెప్పిన వెల, భూమిలోని అవిభక్త వాటా ఎన్ని గజములో వ్రాసికొనవలయును. అదే ఫ్లాటు మూడు నెలల పిమ్మటను అమ్ముడు కాక యున్నచో దాని ప్రక్కన గుర్తు పెట్టవలయును. ఈ గుర్తు చాల విలువైనది. వెలలు తగ్గుటకు ముందు అమ్మువారు వెల తగ్గింపరు, ఊరక వేచియుందురు. అమ్ముడుపోయినచో పొరుగింటివారిని, కాపలాదారుని అడిగిన కుదిరిన వెల కొంత తెలియును. దస్తావేజు సంఖ్య తెలిసినచో ఇ.సి. తీయింపవచ్చును, అందు దస్తావేజులోని సొమ్మును, ప్రభుత్వ విలువయు రెండును కనబడును. ఆరు నెలలు గడచుసరికి ఆ వీధి వెలను గూర్చి ఆమె కెఱిగినంత మధ్యవర్తికి కూడ తెలియదు; తెలిసినను చెప్పడు.

అద్దెను కూడ ఆ పుటలోనే వ్రాయవలయును. వెలలో ఆశ కలిసియుండును, అద్దెలో కాపురమున్నవారి అవసరము మాత్రమే యుండును. 75 లక్షల ఫ్లాటునకు నెలకు 20 వేలు అద్దె వచ్చినచో ఏటికి 2 లక్షల 40 వేలు, అనగా నూటికి మూడు రూపాయల చిల్లర. అందుకై 60 లక్షలు నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి ఇరువది యేండ్లకు తెచ్చినచో నెలకు సుమారు 52 వేలు కట్టవలయును. మొత్తము కట్టునది కోటి 25 లక్షలు. సొంత యింటిలో నుండు నిశ్చింతకు ఈ తేడా యిచ్చుట తగునని ఆ దంపతులు తలచినచో మేము కాదనము. కాని వెలలు నిలిచి, అద్దెలు మాత్రము పెరుగుచున్న వీధికిని, అద్దెలు నిలిచి వెలలు ఎగురుచున్న వీధికిని భేదము పుస్తకమే చెప్పును. రెండవ దానిలో తొందరపడరాదు.

ఒక్క రకపు వెలను మాత్రము ఆ పుస్తకములో ఎక్కింపనే కూడదు. ‘ప్రీలాంచి’ అని, పునాదియైన లేనిదానిని సగము వెలకు ఇత్తుమని, మొత్తము సొమ్ము ఒక్కమారే తెమ్మని పిలుచువారు కలరు. అది ఇంటి వెల కాదు, ఆ సంస్థకు మన మిచ్చు హామీలేని అప్పు. 500 చదరపు మీటర్లు మించిన స్థలముననైనను, ఎనిమిది ఫ్లాటులు మించియైనను కట్టువారు రెరాలో నమోదు కాకమునుపు ప్రకటించుటకును, అమ్ముటకును చట్టము ఒప్పదు. అమ్మకపు ఒప్పందము రిజిస్టరు కాక మునుపు వెలలో పదవ వంతునకు మించి తీసికొనరాదు. నమోదు సంఖ్యను తెలంగాణ రెరా వారి వెబ్‌సైటులో ఎవరైనను ఉచితముగ చూడవచ్చును. నగలు బ్యాంకునకు కొనిపోవుటకు ముందు దినముననే చూచుట మేలు.