నైట్ మోడ్ ఫొటోలోని డీటెయిల్ నిజమేనా? ప్రోటీన్ల ఫొటోలు తీసేవాళ్లను అడుగుదాం

ఫోన్ రివ్యూలో నైట్ మోడ్ శాంపిల్స్ దగ్గరే మనమందరం ఎక్కువసేపు ఆగుతాం. అది పనిచేసే తీరు మీకు తెలిసిందే. ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీస్తుంది. చెయ్యి వణికి పక్కకు జరిగిన వాటిని సాఫ్ట్‌వేర్ ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తుంది. సీన్ అన్ని ఫ్రేముల్లో ఒకటే కాబట్టి మిగులుతుంది, నాయిస్ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి తగ్గిపోతుంది. 100 ఫ్రేములు కలిపితే నాయిస్ 10 రెట్లు తగ్గుతుంది.

ఇదే లెక్కతో ప్రోటీన్లను చూసే పద్ధతి ఒకటుంది. పేరు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. బయాలజీని పదో తరగతితోనే వదిలేసిన ఎంపీసీ బ్యాచ్ నేను. అయినా దీని సాఫ్ట్‌వేర్ గురించి చదవడం మొదలుపెట్టాక రెండు వీకెండ్లు ఎటు పోయాయో తెలీలేదు.

వాళ్ల సమస్య మన నైట్ మోడ్ కంటే చాలా ఘోరం. ప్రోటీన్లున్న నీటిని క్షణంలో గడ్డకట్టించి, ఆ పలచటి మంచు పొరలోంచి ఎలక్ట్రాన్లు పంపిస్తారు. ఎక్కువ పంపితే ప్రోటీనే పాడైపోతుంది. తక్కువ పంపితే ఫొటో నిండా నాయిసే. పైగా బీమ్ తగలగానే శాంపిల్ కదులుతుంది. అందుకే ఒక్క ఫొటో కాకుండా చిన్న వీడియో తీసి, ఆ కదలికను సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తారు. మన భాషలో ఈఐఎస్ అన్నమాట.

అసలు చిక్కు ఇంకోటుంది. ఫోన్ ఫ్రేములన్నీ ఒకే కోణంలో ఉంటాయి, మంచులోని ప్రోటీన్లు మాత్రం ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. వెయ్యి బొమ్మ ఆటోలను నేలమీద కుమ్మరించి, దట్టమైన పొగమంచులో వాటి నీడలు మాత్రమే చూసి ఆటో 3డీ మోడల్ తయారుచేయమన్నట్టు ఉంటుంది. ఏ నీడ ఏ కోణానిదో తెలిస్తే మోడల్ కట్టొచ్చు, కానీ మోడల్ ఉంటేనే కోణం తెలుస్తుంది. చెట్టు ముందా, విత్తు ముందా? అందుకే ఒక ఉజ్జాయింపు మోడల్‌తో మొదలుపెట్టి, ప్రతి నీడనూ దానితో పోల్చి కోణం ఊహించి, కొత్త మోడల్ కట్టి, మళ్లీ మొదటికి వస్తారు. ఈ లూప్ ఎన్నోసార్లు తిరగాలి.

ఇలాంటి పనుల కోసం అమెరికాలో జోకిమ్ ఫ్రాంక్ బృందం రాసిన స్పైడర్ అనే సాఫ్ట్‌వేర్ గురించి 1981లోనే పేపర్ వచ్చింది. 2017 కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. 2012లో కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ ల్యాబ్ నుంచి షోర్స్ స్కెరెస్ రాసిన రెలియాన్ వచ్చింది. అప్పటిదాకా మనిషి చేత్తో తిప్పాల్సిన చాలా సెట్టింగులను అది డేటా నుంచే లెక్కగట్టేది, పైగా ఓపెన్ సోర్స్. 2016లో దానికి జీపీయూ సపోర్ట్ వచ్చాక, పెద్ద క్లస్టర్ మీద చేసే పని గేమింగ్ కార్డులు పెట్టిన డెస్క్‌టాప్ మీదికి దిగింది. ఈలోగా సెన్సర్లూ మెరుగై, 2013లో మిర్చి మంటను పసిగట్టే ప్రోటీన్ టీఆర్‌పీవీ1 నిర్మాణం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్‌లో బయటపడింది. గుంటూరు కారం నాలుక మీద పడితే పనిచేసేది అదే!

ఇక నన్ను కుర్చీలోంచి లేపిన విషయం. 2013లో హెచ్‌ఐవీ వైరస్ పైనుండే ఒక ప్రోటీన్ మీద వచ్చిన పేపర్‌ను రిచర్డ్ హెండర్సన్ (2017 నోబెల్‌లో ఈయనా ఉన్నారు) గట్టిగా విమర్శించారు. ఆ డేటాలో ఉన్నది నాయిస్ తప్ప ప్రోటీన్ కాకపోవచ్చని ఆయన వాదన. రచయితలు ఒప్పుకోలేదనుకోండి. హెండర్సన్ చూపించిన ఉదాహరణ ఏంటంటే, 1000 ఉత్త నాయిస్ ఇమేజులను ఐన్‌స్టీన్ ఫొటోతో పోల్చి అలైన్ చేసి సగటు తీస్తే, ఐన్‌స్టీన్ ముఖం వస్తుంది!

నమ్మలేదు. పైథాన్‌లో ముప్పై లైన్లు రాసి, ఐన్‌స్టీన్ బదులు మా తమ్ముడి ఫొటో పెట్టాను. నాయిస్ అంతా ర్యాండమ్ ఫంక్షన్ ఇచ్చిందే. మసగ్గానే అయినా తమ్ముడు వచ్చేశాడు. ఎందుకంటే ఒక్కో నాయిస్ ఇమేజ్‌నూ వాడికి ఎక్కడ ఎక్కువ పోలిక కుదిరితే అక్కడికి జరిపింది నా కోడే కదా.

సరే, డేటాను రెండు సగాలు చేసి, రెండింట్లోనూ ఒకే ముఖం వస్తేనే నమ్ముదాం అనుకున్నా. రెండింట్లోనూ వాడే! రెండు సగాలకూ నేనిచ్చిన రిఫరెన్స్ ఒకటే మరి. చీటింగ్ చేసిన ఇద్దరి ఆన్సర్ షీట్లు కలిసినట్టు.

రెలియాన్ లాంటి సాఫ్ట్‌వేర్ దీన్ని రెండు రకాలుగా అడ్డుకుంటుంది. మొదలుపెట్టే మోడల్‌ను బాగా బ్లర్ చేస్తుంది, ఆపైన రెండు సగాలనూ చివరిదాకా విడివిడిగా నడుపుతుంది. అప్పుడు సన్నటి డీటెయిల్ రెండింట్లోనూ కలిసిందంటే అది రిఫరెన్స్ నుంచి వచ్చింది కాదు. ఎంత సన్నటి డీటెయిల్ దాకా రెండూ కలుస్తాయో అదే ఆ మోడల్ రిజల్యూషన్. నేను తమ్ముడి ఫొటోను బ్లర్ చేసి మళ్లీ నడిపితే, ముఖం ఉన్నచోట ముద్దలాంటి మచ్చ మిగిలింది, కళ్లూ ముక్కూ మాయం. టొరంటో వాళ్ల క్రయోస్పార్క్ (2017) ఇంకో అడుగు వేసి, మనం మోడల్ ఇవ్వకుండానే ర్యాండమ్‌గా మొదలుపెట్టగలదు.

ఇప్పుడు మన ఫోన్ దగ్గరికొద్దాం. నైట్ మోడ్‌లో ఒకే బోర్డును రెండుసార్లు తీసి, అక్షరాలు ఒకేలా ఉన్నాయి కాబట్టి డీటెయిల్ నిజమే అని నేను చాలాసార్లు అనుకున్నా. ఫ్రేములు పేర్చి సగటు తీయడం వరకే అయితే ఆ టెస్ట్ చెల్లుతుంది. ఫోన్‌లోని ఏఐ మోడల్ అక్షరాలను ఊహించి గీస్తుంటే చెల్లదు, రెండు ఫొటోల వెనకా ఉన్న రిఫరెన్స్ ఆ ఒక్క మోడలే కాబట్టి. అందుకే ఈసారి నుంచి రాత్రి శాంపిల్ పక్కన అదే బోర్డును పగలు దగ్గర్నుంచి తీసిన ఫొటో కూడా పెడుతున్నా.