తెగిన వేళ్లు మీటిన పాట

రాక్ సంగీతం అనగానే "అబ్బ, ఆ గోల మనకెందుకండీ!" అనేస్తాం. పిల్లలు పెట్టుకుంటే "ముందా సౌండు తగ్గించు" అని వంటింట్లోంచే కేకేస్తాం. కానీ ఆ గోల వెనక ఓ తల్లి మాట, ఓ కొడుకు పట్టుదల, గిన్నెలు తోమే లిక్విడ్ సీసా ఉన్నాయంటే నమ్ముతారా?

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ అయోమీకి అప్పుడు 17 ఏళ్లు. గిటార్‌నే నమ్ముకుందామని ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్లనన్నాడు. ఒప్పుకున్న పని పూర్తిచేసి రావాలని తల్లి పంపింది. మనమైనా అదే చెప్తాం కదా! ఆ పూటే మిషన్‌లో పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కనుక, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే.

కుంగిపోయిన కుర్రాడికి ఫ్యాక్టరీ మేనేజరు ఓ రికార్డు వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నా గిటార్‌లో మేటి అనిపించుకున్నాడాయన. అంతే! టోనీ లిక్విడ్ సీసా ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటిపై తోలు అంటించాడు. సన్నటి తీగలు బిగించుకున్నాడు.

1968లో ఓజీ ఆస్‌బర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్‌లతో కలిసి బృందం కట్టాడు. దాని పేరే బ్లాక్ సబ్బాత్. పేరు చూసి భయపడకండి, అదో పాత దయ్యాల సినిమా పేరు!

1970 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఆల్బం దాదాపు ఒక్కరోజులోనే రికార్డు చేశారు. వాన చప్పుడు, దూరంగా గంట, ఆపైన ఏనుగు నడకలా బరువైన గిటార్. విలంబకాలంలో సాగే పాటలా ఒక్కో స్వరం నిలిచి మోగుతుంది. అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అందులో 'వార్ పిగ్స్' పాట, పెద్దలు యుద్ధాలు పెట్టి పేదలను పంపడాన్ని ఎండగడుతుంది. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి టోనీ తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. వేళ్లకు నొప్పి తగ్గింది, నాదం మరింత బరువెక్కింది.

అప్పట్లో విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. తర్వాత ఇవే హెవీ మెటల్‌కు పునాది అన్నారు. 2025 జూలై 5న నలుగురూ సొంతఊళ్లోనే చివరి కచేరీ చేశారు. అదే నెల 22న ఓజీ కన్నుమూశాడు.

మీరూ విని చూస్తారా? ముందు 'పారనాయిడ్'లోని 'ప్లానెట్ కారవాన్'తో మొదలుపెట్టండి. జోలపాటంత మెత్తగా ఉంటుంది. తర్వాత మూడో ఆల్బంలోని 'సాలిట్యూడ్'. అందులో ఫ్లూట్ టోనీదే. ఆ రెండూ నచ్చాకే బరువైనవి వినండి. పిల్లల్ని అడిగితే సంబరంగా పెట్టిస్తారు. సౌండు ఎంత ఉండాలన్నది మాత్రం మీ ఇష్టమే!