కాలిలో ముల్లు... గజ్జలో బిళ్ల!

తుమ్మముల్లు దిగని కాలు పల్లెటూళ్లో ఉండదు. గట్టు మీద నడుస్తుంటే చురుక్కుమంటుంది. అక్కడే కూచుని పిన్నీసుతో లాగి పారేసి మళ్లీ పనిలో పడతాం. రాత్రికి ఆ చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. సలపరం మొదలవుతుంది. మర్నాటికి అడుగు మోపలేం. ఇంకాస్త ముదిరితే చీము పడుతుంది, గజ్జలో బిళ్ల కడుతుంది. ముల్లు దిగింది అరికాలిలో, బిళ్ల కట్టింది గజ్జలో. మధ్యలో ఈ కబురు మోసిందెవరు?

దీనికి జవాబు దొరకడానికి వందేళ్లు పట్టింది. విచిత్రమేమిటంటే ఆ కథ మొదలైంది కూడా ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త నక్షత్ర చేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్లు గుచ్చాడు. అవి అద్దంలా ఉంటాయి గనుక లోపల జరిగేది పైకి కనపడుతుంది. తెల్లారి సూక్ష్మదర్శినిలో చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! ఒంట్లో జొరబడిన దాన్ని మింగడానికి వచ్చిన కణాలివని ఆయన చెప్పాడు. 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అయితే ఆ కణాలను పిలిచిందెవరన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. 1987లో ఇంటర్‌ల్యూకిన్-8 అనే పదార్థాన్ని విడదీసి చూశాక గుట్టు వీడింది. అలాంటివి ఒక్కొక్కటే బయటపడి ఇప్పుడు యాభైకి అటూఇటూ లెక్క తేలాయి. వీటికి 1992లో కీమోకైన్లు అని పేరు ఖాయం చేశారు.

పేరు నోరు తిరగకపోయినా పని మనకు తెలిసిందే. ఇంట్లో ఓ మూల బెల్లంముక్క పడితే చీమలకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాసన ఎటు చిక్కగా ఉంటే అటే నడిచి వస్తాయి. ఒంట్లోనూ ఇంతే. ముల్లుతోపాటు సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. ఆ చోట కాపలా ఉన్న కణాలు పసిగట్టి కీమోకైన్లు వదులుతాయి. అవి దగ్గర్లోని రక్తనాళాల లోపలి గోడలకు పట్టుకుంటాయి. నెత్తుట్లో కొట్టుకుపోతున్న తెల్లకణం ఆ గోడ మీద దొర్లుతూ నెమ్మదించి, ఆగి, సందు చేసుకుని బయటికి దూరుతుంది. ఆపైన చీమలాగే, చిక్కగా ఉన్న వైపు నడుస్తుంది. నాళాలు వెడల్పు కావడం వల్ల ఎరుపు, వేడి. వాటిలోంచి నీరు ఊరడం వల్ల వాపు.

మొదట వచ్చేవి న్యూట్రోఫిల్స్ అనే కణాలు. సూక్ష్మజీవులతో కలబడి అక్కడే చస్తాయి. చీము అంటే చాలావరకు వీటి శవాలే. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ శవాలను మింగి చోటు శుభ్రం చేస్తాయి. కొట్లాట చాలించమని, కొత్త చర్మం అల్లే కణాలు రావాలని రెండో కబురు పంపేది ఇవే. ఈలోగా మరికొన్ని కణాలు సూక్ష్మజీవి ముక్కను పట్టుకుని, ఇంకో రకం కీమోకైన్ దారి చూపగా, గజ్జలోని శోషరస గ్రంథికి వెళ్తాయి. ఆనవాలు చూసి అక్కడి కణాలు వందలు వేలుగా పెరుగుతాయి. బిళ్ల కట్టడమంటే అదన్నమాట.

కనుక వాపు, సలపరం ఒంట్లో జరిగే మరమ్మతుకు గుర్తులు. వాటిని పూర్తిగా నొక్కేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం.

మా పెదనాన్నకు మోకాళ్ల నొప్పులు. తెలిసినవాళ్లు చెప్పారని ఒకచోట వారం వారం మాత్రల పొట్లం తెచ్చుకునేవాడు. ఏ మందో చీటీ లేదు. వేసుకున్న రెండు రోజులకే నొప్పి మాయం. రెండేళ్లు వాడాడు. మొహం గుండ్రంగా తయారైతే ఒళ్లు చేశాడని అంతా సంబరపడ్డాం. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే. తర్వాత షుగరు బయటపడింది. నిరుడు అరికాలిలో ముల్లు దిగింది. వాపూ పెద్దగా రాలేదు, సలపరమూ లేదు. వాసన వచ్చాకగానీ పుండు సంగతి తెలియలేదు. పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పొట్లంలోవి స్టెరాయిడ్ మాత్రలని అక్కడ చెప్పారు. ఇవి కీమోకైన్లు, వాటి తోటి కబుర్ల నోరు నొక్కుతాయి. షుగరు పాదాల్లో స్పర్శ తెలియకుండా చేస్తుంది. రెండూ కలిసి ముల్లు దిగిన కబురును దారిలోనే ఆపేశాయి. ఒంట్లో అణిగి ఉన్న క్షయ కూడా ఈ మందుల వల్ల తిరగబెట్టవచ్చు.

అలాగని స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఉబ్బసానికి, కుష్ఠులో నరాలు వాచినప్పుడు డాక్టర్లే ఇస్తారు. కరోనాలో ఈ కబుర్లు హద్దు మీరి, సొంత ఊపిరితిత్తులే దెబ్బతిన్నాయి. 2020లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటరు మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనపడలేదు. 2021లో ఆ తేడా చూడకుండా వాడినచోట, షుగరు తోడై, బ్లాక్ ఫంగస్ ఎందరి కళ్లు తీసిందో మన జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అర్ధరాత్రి తలుపు కొట్టినా పలికేది ఊళ్లో ఆర్‌ఎంపీయే. ఆ మాట కాదనలేం. కానీ పేరు చెప్పని మాత్ర ఎవరిచ్చినా తీసుకోకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానినా ప్రమాదమే. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది. డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

కీళ్లవాతానికి వేరే మందులున్నాయి. అందులో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చినదే. మొదట క్యాన్సరు కోసం పుట్టింది. కీళ్లకు దీన్ని వేసేది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఇక ముల్లు దిగితే సబ్బుతో, మంచినీళ్లతో కడగాలి. సున్నం, కాఫీపొడి, పేడ పెట్టకూడదు. ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. జ్వరం వచ్చినా, కాలి మీదుగా ఎర్రచార పైకి పాకుతున్నా ఆ రోజే వెళ్లాలి. షుగరున్నవాళ్లకు నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన విషయం.

మా పెదనాన్న ఇప్పుడు రోజూ రాత్రి లైటు కింద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటున్నాడు. చెప్పుల్లేకుండా గట్టెక్కడం మాత్రం మానలేదు.